బోన్సాయ్ చెట్టు కింద ఏ మొక్క పెంచాలి: నల్గొండ, మహబూబ్‌నగర్ ఎండలకు తగిన ఎంపిక

బోన్సాయ్ చెట్టును ఎంత చక్కగా తీర్చిదిద్దినా, దాని మొదట్లో మట్టి బోడిగా కనబడితే ఏదో వెలితిగానే ఉంటుంది. అందుకే చాలామంది నర్సరీకి వెళ్లి, పచ్చగా గుబురుగా కంటికి నచ్చిన పాకుడు మొక్కను తెచ్చి ట్రేలో గుచ్చేస్తారు. నేనూ మొదట్లో ఆ పనే చేశాను. 5 సెంటీమీటర్ల లోతున్న ట్రేలో పెరుగుతున్న చింత చెట్టు కింద సాంబ్రాణి ఆకును, అంటే నీటి బ్రాహ్మిని నాటాను. రెండు నెలలు తిరగకుండానే అది ట్రే అంతా కమ్ముకుని కనుల పండువుగా కనిపించింది గానీ, చీకటి పడ్డాక ముడుచుకోవలసిన చింతాకులు మిట్టమధ్యాహ్నమే ముడుచుకోవడం మొదలైంది. చెట్టును పైకి తీసి చూస్తే ట్రే నిండా ఉన్నవి బ్రాహ్మి వేర్లే. చింత వేర్లు వాటి మధ్య ఊపిరాడక చిక్కుకుని ఉన్నాయి. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తాను. చెట్టుకు ఎంత నీరు కావాలో అంతే నీటితో బతికే మొక్కనే దాని కింద ఉంచాలి, మిగిలిన లెక్కలన్నీ ఆ తరువాతే అన్నది ఈ పద్ధతికి మూలం.

ముందుగా, మొక్క అవసరమా కాదా తేల్చుకోండి

చెట్టు కింద పెంచే మొక్క వల్ల నిజమైన ప్రయోజనాలు కొన్ని ఉన్నాయి. నీళ్లు పోసినప్పుడు పై మట్టి కొట్టుకుపోదు, ఎండకు పై పొర త్వరగా కాలిపోదు, చిన్న చెట్టు పెద్ద చెట్టులా కనిపించడానికి కావలసిన పోలిక ఏర్పడుతుంది. నష్టాలు కూడా అంతే నిజం. అది చెట్టు నీటిలో, ఎరువులో వాటా అడుగుతుంది. మొదలు దగ్గర తేమ నిలిచి బెరడు కుళ్లవచ్చు. నత్తలకు, చీమలకు చోటు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో కంటికి కనబడకుండా పోతుంది.

కాబట్టి ఈ మధ్యనే కుండీ మార్చిన చెట్టుకు, వేర్లు కత్తిరించిన చెట్టుకు, జబ్బు పడి కోలుకుంటున్న చెట్టుకు కింద ఏమీ నాటవద్దు. కొత్త చిగుళ్లు గట్టిపడి, చెట్టు కనీసం ఒక కాలం నిలకడగా పెరిగిన తరువాతే ఆ ఆలోచన చేయండి. జేడ్, అడీనియం వంటి, కాండంలో నీరు దాచుకునే మొక్కలకు మట్టి మీద మొక్కల కప్పు ఎప్పుడూ వద్దు. వాటి మట్టి రెండు తడుల మధ్య పూర్తిగా ఆరాలి. అలా ఆరనిచ్చే కప్పు రాళ్ల ముక్కలదే.

అసలు చెట్టు కింద నేల ఎలా ఉంటుందో కూడా ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. మహబూబ్‌నగర్ పట్టణానికి దగ్గర్లో, 700 ఏళ్ల నాటిదని చెప్పుకునే పిల్లలమర్రి చెట్టు కింద మనకు గుర్తుండిపోయేది పచ్చిక కాదు. నేలమీద పాములా పరుచుకున్న వేర్లు, ఊడలు, రాలిన ఆకులు. ఊళ్లలో చింత చెట్టు కింద కూడా దట్టమైన నీడకు గడ్డి సరిగా ఎదగదు. మర్రి బోన్సాయ్‌లో వేర్లే అందం అయినప్పుడు, వాటిని పచ్చని తివాచీతో కప్పేయడం చీర కొంగుతో నగలను దాచినట్టే అవుతుంది. అందుకే మర్రి, రావి, జువ్వి చెట్ల కింద ట్రేలో సగానికి మించి కప్పవద్దని నా అభిప్రాయం. జపాన్ తోటల ఫొటోలు చూసి అంచు నుంచి అంచు దాకా నాచు పరిచే అలవాటు మన చెట్లకు అంతగా నప్పదు.

చెట్లను నీటి అవసరాన్ని బట్టి విడదీయండి

మీ దగ్గరున్న చెట్లను మూడు వరుసల్లో పెట్టి చూడండి. మొదటి వరుసలో మర్రి, రావి, జువ్వి, నర్సరీల్లో ఫైకస్ అని అమ్మే రకాలు ఉంటాయి. వీటికి తేమ ఇష్టం, గాలిలో తేమ ఉంటే ఊడలు కూడా దిగుతాయి, కాబట్టి కింద నాచు గానీ మెత్తని పాకుడు మొక్క గానీ వీటికి మేలే చేస్తుంది. రెండో వరుసలో చింత, దానిమ్మ, నిమ్మ, కాగితపు పూలు వస్తాయి. వీటికి నీరు కావాలి గానీ మట్టి పై పొర మధ్యమధ్య ఆరుతూ ఉండాలి. ముఖ్యంగా కాగితపు పూల చెట్టు బాగా పూయాలంటే కొంత ఎండగట్టక తప్పదు గనుక దాని కింద ఎప్పుడూ తడి కోరే మొక్కను పెడితే పూలు తగ్గి ఆకులే మిగులుతాయి. మూడో వరుసలోని జేడ్, అడీనియం సంగతి పైన చెప్పాను.

ఈ విభజన ఒకసారి పూర్తయితే ఎంపికలో సగం పని అయిపోయినట్టే. నీరు ఎక్కువ కోరే మొక్కను రెండో వరుస చెట్టు కింద పెట్టారంటే, రోజూ మీరు ఆ రెండింటిలో ఒకదాని పక్షం వహించవలసి వస్తుంది.

తరువాత మీ ఇంటి నీటిని పరీక్షించండి

మన ప్రాంతంలో ఈ అడుగును దాటవేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువగా ఉండే ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య ఎంత పాతదంటే, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కడుతోందా, కుండీల అంచుల మీద తెల్లటి చారలు పడుతున్నాయా అని చూడండి. అలా ఉంటే ఆ నీటితో నాచు ఎక్కువ కాలం బతకదు, ఎందుకంటే నాచుకు నిజమైన వేర్లు ఉండవు. పై నుంచి పడిన నీటిని ఒంటితోనే పీల్చుకుంటుంది గనుక అందులోని ఉప్పంతా ఆరిన కొద్దీ దాని మీదే పేరుకుంటుంది.

ఇంకొక సులువైన గుర్తు కూడా ఉంది. స్పైడర్ ప్లాంట్ అనే సన్నని పొడవాటి ఆకుల మొక్కను వేరే కుండీలో పెట్టి, బోన్సాయ్‌కి పోసే నీళ్లే దానికీ పోస్తూ ఉండండి. ఫ్లోరైడ్‌కు, లవణాలకు దాని ఆకుల కొసలు తొందరగా ఎండి గోధుమరంగుకు మారతాయి. మట్టి ఎండిపోకుండా చూసుకుంటున్నా కొసలు మాడుతుంటే నీటిని అనుమానించవలసిందే. ఆ మొక్క బోన్సాయ్ కిందికి పనికిరాదు, అయినా కాపలాదారుగా బాగా పనిచేస్తుంది.

నీరు బాగా లేకపోతే దారులు మూడు ఉన్నాయి. వానాకాలంలో డాబా మీది నీటిని డ్రమ్ములో పట్టి మూతపెట్టి, నాచు ఉన్న ట్రేలకు మాత్రం ఆ నీటినే వాడవచ్చు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే వాటిని బకెట్లో పట్టి, క్లోరిన్ వాసన పోయేలా ఒక రోజు మూత లేకుండా ఉంచి పోయవచ్చు. ఈ రెండూ వీలుకాకపోతే నాచును వదిలేసి, ఉప్పును కొంత తట్టుకునే సన్నపాయల (దీని సంగతి కింద చెబుతాను) వంటి మొక్కను ఎంచుకోవడమే తెలివైన పని. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని మాత్రం పొదుపు పేరుతో బోన్సాయ్‌కి పోయవద్దు. శుద్ధి చేసిన నీటి నుంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోకే.

మొక్కలో చూడవలసిన గుణాలు

నర్సరీలో మొక్కను చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా ఆకు పరిమాణం చూడండి. కింది మొక్క ఆకు పై చెట్టు ఆకుకంటే స్పష్టంగా చిన్నదై ఉండాలి. చింతాకు ఒక్కొక్కటీ సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. దాని కింద రెండు సెంటీమీటర్ల ఆకుల మొక్కను పెడితే మహావృక్షంలా కనబడవలసిన చెట్టు పొదలా కనబడుతుంది. తరువాత కుండీలోంచి మొక్కను కొంచెం పైకి లేపి వేర్లు చూడండి, నర్సరీవారు విసుక్కున్నా సరే. వేర్లు పైపైన పలుచగా అల్లుకుని ఉంటే మంచిది; నేలలోపల తెల్లగా, గట్టిగా, తీగలా సాగే కాండాలు కనబడితే ఆ మొక్కను అక్కడే వదిలేయండి. అవి చెట్టు వేర్లలోకి దూరాయంటే చెట్టును పూర్తిగా విప్పితే తప్ప బయటకు రావు.

ఇక ఒక్కొక్క మొక్క సంగతి.

నాచు, నర్సరీల్లో మాస్ అని పిలిచేది, చెట్టు వేర్లతో పోటీపడదు, పరిమాణంలో అన్ని చెట్లకూ సరిపోతుంది. అయితే మన దగ్గర అది ఏడెనిమిది నెలల అతిథి మాత్రమే అని ఒప్పుకోవాలి. తొలకరి నుంచి చలికాలం దాకా పచ్చగా ఉండి, శివరాత్రి దాటాక రంగు మారుతుంది. దాన్ని సేకరించేటప్పుడు చాలామంది బావి గట్టు లోపలి వైపునుంచో స్నానాల గది గోడ నుంచో తెస్తారు. ఆ నీడ నాచు డాబా మీద ఎండలో వారం కూడా నిలవదు. డాబా పిట్టగోడ పైభాగంలో, సిమెంటు మెట్ల అంచుల్లో, పూటలో కొంతసేపైనా ఎండ తగిలే చోట పెరిగిన పొట్టి నాచునే పలుచని చాకుతో గీరి తీసుకోండి. దానికోసం నల్లమల దాకా వెళ్లనక్కరలేదు, వెళ్లినా తీయకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి రక్షిత అడవుల్లోంచి మొక్కలను తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం.

సన్నపాయలను మీరు చూసే ఉంటారు. గంగవాయిలి కూరకు చెల్లెలిలా, నేలకు అతుక్కుని, ముద్దైన చిన్న ఆకులతో, ఎండ రాగానే విచ్చుకునే పసుపు పూలతో చేల గట్ల మీద, ఇళ్ల ముందర పెరుగుతుంది. దుకాణంలో కొనవలసిన పని లేదు. ఎండను, కొంత ఉప్పు నీటిని, ఒకటి రెండు రోజుల నీటి ఎద్దడిని కూడా తట్టుకుంటుంది గనుక చింత, కాగితపు పూలు, దానిమ్మ చెట్ల కింద నేను ముందుగా సూచించేది దీన్నే. గింజలు రాల్చి పక్క కుండీల్లోకి పాకుతుంది, నెలకొకసారి కత్తిరించకపోతే చాపలా మందమవుతుంది; ఈ రెండు దోషాలకూ సిద్ధపడి పెంచండి.

టర్టిల్ వైన్ అనే గుండ్రని ఆకుల తీగ నగరాల నర్సరీల్లో విరివిగా దొరుకుతుంది. సగం నీడ ఉన్న వరండాలో ఫైకస్, జువ్వి చెట్ల కింద బాగుంటుంది, చేత్తో లాగితే సులువుగా ఊడివస్తుంది. మండే ఎండలో ఆకులు ఊదారంగుకు తిరిగి మాడతాయి. చింత కింద ఇది పెద్దదైపోతుంది.

ఆర్టిలరీ ప్లాంట్ అనే, ఫెర్న్‌ను పోలిన మెత్తని మొక్క మీరు పిలవకుండానే నర్సరీ మట్టితోపాటు వస్తుంది. దాన్ని కొందరు కలుపు అని పీకేస్తారు, కొందరు ముద్దుగా పెంచుకుంటారు. వానాకాలంలో తడి ఇష్టపడే చెట్ల కింద ఒక మూల ఉండనిచ్చి, అరచేతి మందం ఎదగకముందే తుంచుతూ ఉంటే అందంగానే ఉంటుంది. వదిలేస్తే మీ కుండీలన్నిటిలోనూ అదే ఉంటుంది.

బేబీ టియర్స్ పేరుతో నర్సరీల్లో ఒకటికి మించిన మొక్కలను అమ్ముతారు. ఆ పేరుకు అసలు హక్కుదారైన మొక్క చల్లని ప్రాంతాలది, మన ఏప్రిల్‌ను దాటదు; కాబట్టి పేరును చూసి కాక వేసవిలో కూడా అదే నర్సరీలో అది బతికి ఉందో లేదో అడిగి తీసుకోండి. కొరియన్ గ్రాస్ మెత్తగా, గుట్టలు గుట్టలుగా అందంగా పెరుగుతుంది గానీ దాని వేర్ల అల్లిక గట్టిది, లోతు లేని ట్రేలో నాటవద్దు. సరస్వతి ఆకు, నీటి బ్రాహ్మి రెండూ తడిని విపరీతంగా కోరతాయి. వాటిని వంటింటి కిటికీ దగ్గర వేరే కుండీలో పెంచుకుంటే ఉపయోగమైనా ఉంటుంది. నీలిపూల విష్ణుక్రాంత మన బీడు భూముల్లో కనిపించే ఎంతో అందమైన మొక్క, కానీ దాని వేరు గట్టిగా కర్రలా లోపలికి దిగుతుంది. దాన్ని చిన్న మట్టి మూకుడులో విడిగా పెంచి బోన్సాయ్ పక్కన ఉంచితే రెండూ రాణిస్తాయి.

గరిక, తుంగ, పులిచింత, నానబాలు మాత్రం ఏ రూపంలో కనబడినా మొలక దశలోనే పట్టుకారుతో తీసేయండి. తుంగ గడ్డ ఒక్కటి లోపల మిగిలినా మళ్లీ వస్తుంది, గరిక ఒక్క కణుపు చాలు.

నాటే ముందు నెల రోజుల పరీక్ష

ఎంచుకున్న మొక్కను నేరుగా చెట్టు కింద నాటకుండా, చెట్టుకు వాడే మట్టినే ఒక మట్టి మూకుడులో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పోసి, అడుగున రంధ్రం చేసి, అందులో నాటి ఆ చెట్టు పక్కనే ఉంచండి. చెట్టుకు నీళ్లు పోసినప్పుడే దానికీ పోయండి, అదనంగా ఒక్క చుక్క కూడా వద్దు. నెల తరువాత అది బతికి ఉంటే నీటి జోడీ కుదిరినట్టే. అప్పుడు దాన్ని మూకుడులోంచి గడ్డగా తీసి అడుగు చూడండి. వేర్లు పై సెంటీమీటరులోనే ఉంటే నాటవచ్చు, అడుగుకు చేరి చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క మూకుడులోనే ఉండిపోవాలి.

నాటే విధానం

ఆరుద్ర కార్తె నుంచి పుబ్బ, ఉత్తర కార్తెల దాకా, అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు, మబ్బు పట్టిన రోజు సాయంత్రం ఈ పని పెట్టుకోండి. పై మట్టిని అర సెంటీమీటరు మేర పుల్లతో మెల్లగా గీరి తీసేసి, చెట్టు వేర్లు కనబడితే అక్కడితో ఆపండి. జల్లించిన ఎర్రమట్టి, సన్న ఇసుక సమపాళ్లలో కలిపి ఆ మేరకు పలుచగా పరచి తడపండి. నాచు అయితే వెనుకవైపు అంటిన పాత మట్టిని గీరేసి, చీమలు, పురుగులు బయటకు వచ్చేలా కాసేపు నీళ్లలో బోర్లించి, అప్పుడు ముక్కలను దగ్గర దగ్గరగా అమర్చి వేలితో గట్టిగా నొక్కండి; కింద గాలి ఖాళీ మిగిలితే ఆ ముక్క మూడో రోజుకే ఎండుతుంది. సన్నపాయల, టర్టిల్ వైన్ అయితే రెండంగుళాల కొమ్మలను అక్కడక్కడా గుచ్చితే చాలు.

రెండు ఖాళీలు తప్పక వదలండి. చెట్టు మొదలు చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్ల వలయం ఖాళీగా ఉండాలి, బెరడుకు గాలి తగలాలి. రెండోది, ట్రే వెనుకవైపు అగ్గిపెట్టెంత చోటును ఏమీ లేకుండా ఉంచండి. దాన్ని నేను కిటికీ అంటాను. నాచు మీద పొద్దున ఒకసారి నీళ్లు చిలకరిస్తే పైన పచ్చగా మెరుస్తూనే ఉంటుంది, లోపల మట్టి మాత్రం ఎండి చెట్టు చచ్చిపోతూ ఉంటుంది. ఆ కిటికీలో వేలు పెట్టి, లేదా చీపురు పుల్ల గుచ్చి తీసి చూసిన తరువాతే నీళ్లు పోయాలో వద్దో నిర్ణయించుకోండి. పిండి ఎరువు వేయడానికి కూడా అదే చోటు పనికొస్తుంది. మన జిల్లాల్లో సులువుగా దొరికే ఆముదం పిండిని పలుచని గుడ్డలో చిన్న మూటగా కట్టి అక్కడ ఉంచితే నాచు మాడదు, నీళ్లు పోసినప్పుడల్లా సారం కొద్దికొద్దిగా దిగుతుంది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఆముదం పిండి వద్దు, అది తింటే ప్రాణాపాయం. వేప పిండి వాడండి.

వేసవిలో ఏం చేయాలి

మార్చి మొదటి వారానికల్లా నాచును పలుచని పలకలుగా లేపి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కాగితపు సంచిలో దాచండి. ఎండిన నాచు చచ్చినట్టు కాదు. మృగశిర దాటి వానలు కుదురుకున్నాక దాన్ని అరచేతుల మధ్య నలిపి, తడి మట్టి మీద చల్లి, వాన నీటితో తడుపుతూ ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఇలా మొలిచిన నాచు మీ డాబా ఎండకు అలవాటు పడినది గనుక, గోడ మీంచి గీరి తెచ్చినదానికంటే గట్టిగా నిలుస్తుంది.

నాచు తీసిన చోట రాతి ముక్కలు పరచండి. నల్గొండ, మహబూబ్‌నగర్ గుట్టల రాయే ఇక్కడ అన్నిటికంటే బాగా నప్పుతుంది. కంకర మిల్లు దగ్గర దొరికే గ్రానైట్ చిప్స్‌లో బియ్యపు గింజంత, కందిగింజంత సైజువి జల్లెడపట్టి, దుమ్ము పోయేలా కడిగి వాడితే తేమ నిలుస్తుంది, చెట్టుతో పోటీ ఉండదు. సున్నపురాయి ముక్కలు మాత్రం వద్దు, ఇప్పటికే క్షారం ఎక్కువైన నీటికి అవి తోడైతే ఆకులు పచ్చదనం కోల్పోయి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. అనుమానమొస్తే రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురుగు వస్తే అది సున్నపురాయే.

సన్నపాయలను వేసవిలో తీయనక్కరలేదు, సగానికి కత్తిరించి చెట్టుమీద భారం తగ్గిస్తే చాలు. రోహిణి కార్తె రోజుల్లో ట్రేలన్నిటినీ గ్రీన్ నెట్ కిందికి చేర్చి, ఉదయం, సాయంత్రం నీళ్లు పోయండి. నడిమధ్యాహ్నం వేడెక్కిన పైపు నీళ్లు పోస్తే చెట్టుకూ కింది మొక్కకూ కూడా ముప్పే.

నెలకొకసారి, మీకున్నంతలో మంచి నీటిని అడుగు రంధ్రాలనుంచి ధారగా కారేదాకా నింపాదిగా పోసి, మట్టిలో పేరుకున్న లవణాలను కడిగేయండి. రెండు మూడేళ్లకు కుండీ మార్చేటప్పుడు కింది మొక్కను మొత్తం తీసి వేరే మూకుడులోకి మార్చి, చెట్టు వేర్లలో దాని పోగు ఒక్కటి కూడా మిగలకుండా చీపురు పుల్లతో దువ్వి చూడండి. కొత్త వేర్లు పట్టేదాకా ఆ ట్రేలో రాళ్లే ఉండనివ్వండి.